శ్రోతల ప్రశ్నలు, నిపుణుల జవాబులు: కృష్ణా డెల్టాలో ఆకాశవాణి

శ్రోత ఇంటి నుంచో, పొలం గట్టు మీద నుంచో ఫోన్ చేసి అడుగుతారు. స్టూడియోలో ఉన్న శాస్త్రవేత్తో, డాక్టరో అప్పటికప్పుడు జవాబు చెబుతారు. ఆ ఇద్దరి మాటలూ రేడియో పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తాయి. ఆకాశవాణిలో వీటిని ఫోన్-ఇన్ కార్యక్రమాలంటారు. సేద్యం, పశువైద్యం, ఆరోగ్యం, చదువులు, చట్టం వంటి విషయాల మీద తెలుగు కేంద్రాలు వీటిని నడుపుతూ వచ్చాయి. విజయవాడ కేంద్రం పరిధిలో సేద్యం మీద సాగే ఫోన్-ఇన్‌కు ఒక ప్రత్యేకమైన బలం ఉంది. ఆ బలం చాలావరకు కాలవల నుంచి వచ్చింది.

విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. దానికి దగ్గర్లో ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చింది. దీని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాలవలకు నీళ్లు వదిలితేనే నారుమళ్లు, ఆ తర్వాతే ఊడ్పులు. అందువల్ల ఒక కాలవ కింద ఉన్న ఊళ్లన్నింటిలో వరి ఇంచుమించు ఒకే వయసులో ఉంటుంది. కంకిపాడు వైపు పిలకలు కడుతుంటే, నీళ్లు ఆలస్యంగా అందే నాగాయలంక, కోడూరు చివరి భూముల్లో పైరు అంతకంటే వెనకబడి ఉంటుంది. ఉయ్యూరు రైతు ఈ వారం అడిగిన ప్రశ్న కోడూరు రైతుకు మరికొన్నాళ్లలో ఎదురవుతుంది. ఒక్కరికి చెప్పిన జవాబు వేలమందికి సమయానికి పనికొచ్చే ఏర్పాటును నేలా నీరూ చేసిపెట్టాయి. మెట్టలో ఒకరు మిరప, ఇంకొకరు పత్తి, పక్కవారు మామిడి వేసుకున్నచోట ఈ సౌకర్యం ఇంతగా ఉండదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అప్పటికి పదేళ్ల ముందు, 1938లో మొదలైన మద్రాసు కేంద్రం నుంచే కోస్తా తెలుగువారు తెలుగు కార్యక్రమాలు వినేవారు. బందరు రోడ్డు పక్కన పున్నమ్మతోటలోని విజయవాడ కేంద్రం అనగానే చాలామందికి భక్తిరంజని, బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు గుర్తొస్తారు. సంగీతానికి, నాటకానికి వచ్చిన పేరు వ్యవసాయ విభాగానికి రాలేదు. అయినా 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో, 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ నుంచి వెళ్లే ఆ ప్రసారం లంక గ్రామాల దాకా చేరి, పొలం పనుల్లో ఉన్నవారికి రోజూ అందింది. సుమారు 358 మీటర్ల పొడవున్న ఆ తరంగాలు నేలను అంటిపెట్టుకుని పోతాయి. చదునైన డెల్టాలో వాటికి అడ్డొచ్చే కొండలు లేవు. కరెంటు పోయినా బ్యాటరీలతో పాడే ట్రాన్సిస్టర్ ఉంటే చాలు. తుపాన్లు ఎక్కువగా వచ్చే తీరంలో ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతని 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

ఫోన్ రాకముందు ఈ పని ఉత్తరాలతో జరిగింది. 1956లో యునెస్కో సాయంతో పూణె కేంద్రం మహారాష్ట్రలోని 5 జిల్లాల్లో, 150 గ్రామాల్లో రైతుల శ్రవణ బృందాలను ఏర్పాటు చేసింది. ఊరివాళ్లు ఒకచోట కూర్చుని కార్యక్రమం విని, చర్చించి, తమ సందేహాలను రేడియోకి రాసి పంపేవారు. వాటికి తర్వాతి ప్రసారాల్లో జవాబులు వచ్చేవి. వారానికి రెండు చొప్పున మొత్తం 20 కార్యక్రమాలు సాగిన ఆ ప్రయోగం 1959లో దేశమంతటికీ విస్తరించింది. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడ్డాయి. అది హరితవిప్లవ కాలం. కొత్త సేద్య పద్ధతులన్నీ కలిపి అందించిన తొలి ప్యాకేజీ జిల్లాల్లో పశ్చిమ గోదావరి అప్పటికే ఒకటి. కొత్త విత్తనం, కొత్త ఎరువు, కొత్త మందు ఒక్కసారిగా చేతికొచ్చిన రైతుకు అడగాల్సినవి చాలా ఉన్నాయి. కావేరీ డెల్టాలో తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే వరి రకం గురించి తిరుచిరాపల్లి కేంద్రం ప్రసారాల్లో విని, దానికి రేడియో వరి అనే పేరే పెట్టుకున్నారు.

సేద్యం దాటి, విజయవాడ కేంద్రంలో ప్రశ్న-జవాబు పద్ధతికి జనంలో గొప్ప ఆదరణ తెచ్చినవారు ఉషశ్రీ. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు ఆయన అసలు పేరు. రామాయణ, మహాభారత ప్రవచనాలతో పాటు ‘ధర్మసందేహాలు’ శీర్షిక కింద శ్రోతలు రాసి పంపిన ప్రశ్నలకు ఆయన జవాబులిచ్చేవారు. ఆ గొంతులో చొరవ, కుండబద్దలు కొట్టినట్టు చెప్పే తీరు కలిసి ఉండేవి. అడిగినవారు పండితులు కానక్కర్లేదు, గ్రాంథికం రానక్కర్లేదు, కార్డు ముక్క మీద నాలుగు వాక్యాలు రాస్తే చాలు. తర్వాతి కాలంలో మల్లాది చంద్రశేఖర శాస్త్రి కూడా ధర్మసందేహాలు తీర్చే పెద్దగా తెలుగువారందరికీ తెలిశారు. మామూలు మనిషి ప్రశ్నను అలాగే చదివి, తక్కువ చేయకుండా జవాబు చెప్పడమన్న మర్యాదను ఈ కార్యక్రమాలు రేడియోలో స్థిరపరిచాయి. ఫోన్-ఇన్ వచ్చాక ఆ మర్యాదే దానికి పునాది అయింది.

ఉత్తరానికి ఒక లోటుంది. వరిలో సుడిదోమ కనిపించిన రోజున రాసిన కార్డు స్టూడియోకి చేరి, శాస్త్రవేత్త చూసి, జవాబు గాలిలోకి వెళ్లేసరికి చేను సుడులు సుడులుగా ఎండిపోయి ఉంటుంది. ఎస్టీడీ బూత్‌లు ఊళ్లకు వచ్చాక, తర్వాత సెల్‌ఫోన్లు చేతికందాక ఈ ఆలస్యం తీరిపోయింది. అంతకంటే పెద్ద మార్పు ఇంకోటి ఉంది: నిపుణులకు ఎదురు ప్రశ్న వేసే వీలు దొరికింది.

స్టూడియోలో పని ఇలా సాగుతుంది. కార్యక్రమం సమయం, ఫోన్ నంబరు, ఆ రోజు విషయం ముందుగా ప్రకటిస్తారు. కాల్ వచ్చాక పేరు, ఊరు, అడగదలచుకున్న సంగతి కనుక్కుని లైన్‌లో ఉంచుతారు. టెలిఫోన్ హైబ్రిడ్ అనే పరికరం ఫోన్ లైన్‌ను మిక్సర్‌కు కలుపుతుంది. నిపుణుల మాట శ్రోతకు, శ్రోత మాట ప్రసారానికి వెళ్తూ, ఒకదాని మీద ఒకటి పడకుండా అదే చూస్తుంది. పాత ఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే గొంతును మోస్తుంది కాబట్టి శ్రోత మాట సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ‘మీ రేడియో సౌండ్ తగ్గించండి’ అన్న మాట ప్రతి ఫోన్-ఇన్‌లో వినిపించడానికి కారణం ఉంది. శ్రోత పక్కనున్న రేడియో శబ్దం మళ్లీ ఫోన్‌లోకి దూరితే కూత పుడుతుంది. ఇంతలో సమర్పకులకు ఇంకో బాధ్యత ఉంటుంది. పెద్ద కథ చెబుతున్న రైతును నొప్పించకుండా విషయంలోకి తేవాలి. శాస్త్రవేత్త ఇంగ్లిష్ పేరు వాడితే దాన్ని తెలుగు చేనులోకి దింపాలి. షీత్ బ్లైట్ అంటే తెలియని రైతుకు పాముపొడ అంటే వెంటనే తెలుస్తుంది.

అక్టోబరులో సార్వా వరి పొట్ట దశకు వచ్చే రోజుల్లో ఒక కాల్ ఎలా నడుస్తుందో చూస్తే ఈ కార్యక్రమం విలువ తేటపడుతుంది. ‘సార్, నమస్కారం. చేను అక్కడక్కడా గుండ్రంగా ఎండుతోందండి. మందు కొట్టినా తగ్గలేదు’ అని రైతు మొదలుపెడతారు. శాస్త్రవేత్త మందు పేరు చెప్పరు, ముందు అడుగుతారు. ‘ఏ రకం వేశారండీ?’ స్వర్ణ అని పిలిచే ఎంటీయూ 7029ను పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చింది. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్ల నుంచి 1986లో వచ్చింది. అన్నానికి ఎంత బాగున్నా సాంబ మసూరి దోమను, అగ్గితెగులును తట్టుకోలేదు. రెండో ప్రశ్న: ‘దుబ్బు మొదట్లో చూశారా? నీటికి కాస్త పైన?’ సుడిదోమ ఆకుల మీద ఉండదు, దుబ్బు అడుగున చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే కనపడదు. మూడోది: ‘ఇంతకుముందు ఏం కొట్టారు? యూరియా ఎంత వేశారు?’

మూడో ప్రశ్నలోనే అసలు చిక్కు బయటపడుతుంది. ఆకుముడత కోసమో, కాండం తొలిచే పురుగు కోసమో సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టి ఉంటే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. తినేవాళ్లు లేక దోమ ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. నత్రజని మోతాదు మించితే పైరు ఒత్తుగా, మెత్తగా పెరిగి దోమకు అనువవుతుంది. కాబట్టి జవాబు మందు పేరుతో మొదలవ్వదు. చేలో నీళ్లు తీసేసి ఆరగట్టండి, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి, మందు కొడితే పైపైన కాకుండా దుబ్బుల మొదళ్లు తడిచేలా కొట్టండి, పక్క చేలవాళ్లతో కలిసి చేయండి. కాలిబాటలు ఊడ్చేటప్పుడే తీయాల్సింది కదా అని రైతు నొచ్చుకుంటే, ఇప్పుడైనా పాయలు తీసి గాలి, వెలుతురు పోనివ్వమని చెబుతారు. ఈ నాలుగైదు నిమిషాల్లో ఫోన్ చేసిన రైతు కంటే ఎక్కువ లాభపడేవారు వేరే ఉన్నారు: ఇంకా దోమ పడని చేలవాళ్లు. వాళ్లు ఆ సాయంత్రమే వెళ్లి దుబ్బులు తట్టి చూసుకుంటారు.

మందుల దుకాణం సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. డెల్టాలో సేద్యం చేసేవారిలో కౌలు రైతులు చాలా ఎక్కువ. ఎరువు, పురుగుమందు అరువు మీద ఇచ్చే దుకాణదారే వాళ్లలో చాలామందికి మొదటి సలహాదారు కూడా. దుకాణదారు చెప్పిందల్లా తప్పని కాదు, ఆయనకు పొలం అనుభవం ఉంటుంది. కానీ అమ్మాల్సిన సరుకు ఎదురుగా పెట్టుకుని ‘ఇప్పుడేమీ కొట్టొద్దు, వారం ఆగి చూడు’ అనడం ఎవరికైనా కష్టం. రేడియోలో మాట్లాడే శాస్త్రవేత్తకు అమ్ముకునేదేమీ లేదు. ఏమీ కొట్టొద్దు అన్న జవాబు ఈ కార్యక్రమాల్లో వినిపించగలగడమే వీటిని నిలబెట్టుకోవడానికి చాలినంత కారణం.

నిపుణులకు ఈ ప్రాంతంలో కొదవలేదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంలో ఉంది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నాటిది. మచిలీపట్నం, ఘంటసాల, గరికపాడుల్లో పరిశోధన స్థానాలున్నాయి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఘంటసాల చుట్టూ వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, చేలో తడి ఉండగానే మినుము చల్లుతారు. దున్నరు, బోదెలు వేయరు. కోత, చల్లడం, కలుపు, బంగారుతీగ, పల్లాకు తెగులు ఒక్కో వారంలో ఒక్కోటిగా ప్రశ్నలవుతాయి. ఏ వారం ఏ ప్రశ్న వస్తుందో కార్యక్రమం రూపొందించేవారికి క్యాలెండర్ చూసి చెప్పగలిగేంత అనుభవం వస్తుంది.

తుపాను ఆ క్యాలెండర్‌ను చెదరగొడుతుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో వరి కొంత కోసి పనల మీద, కొంత కోతకు సిద్ధంగా ఉంది. నేలకు ఒరిగి నీళ్లలో నానిన కంకులకు మొలకలొస్తాయి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, అంటే 5 శాతం ద్రావణం, పనల మీద, పడిపోయిన కంకుల మీద చల్లితే మొలక ఆగుతుందన్నది వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏళ్లుగా చెబుతున్న సలహా. రెండు వారాల దాకా నిద్రావస్థ ఉన్న రకాలైతే కాస్త వ్యవధి దొరుకుతుంది, లేని రకాలకు రోజులే గడువు. ఇంట్లో ఉన్న ఉప్పుతో చేయగల పని ఇది. ఎంత ఉప్పు, ఎప్పుడు, కోసిన దానికా నిలబడి ఉన్నదానికా అన్న వివరం గంటల్లో తెలియాలి. ఇలాంటప్పుడు అందరూ వినే జవాబుకు సాటి వచ్చేది లేదు.

కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు వైపు ప్రశ్నలు వేరు. చెరువులో చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే రోగం కంటే ముందు ఆక్సిజన్‌ను అనుమానించాలి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని వాడుకుంటుంది. సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజుల తర్వాత మరీ తక్కువ. ఏరియేటర్లు తిప్పాలా, మేత ఆపాలా, నీళ్లు మార్చాలా అన్నది చెరువు రంగు, లోతు, పిల్లల సాంద్రత అడిగితే గాని తేలదు. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చాక ఆక్వా ప్రశ్నల్లో డబ్బు బరువు పెరిగింది. ఒక రాత్రి పొరపాటు ఒక పంట మొత్తాన్ని మింగేస్తుంది.

డాక్టర్లతో సాగే ఫోన్-ఇన్ పద్ధతి దీనికి భిన్నం, దాని హద్దులూ భిన్నమే. పైరు తెగులు పక్క చేనుకూ అంటుకుంటుంది గనుక జవాబు ఊరందరిదీ అవుతుంది. మోకాలి నొప్పికి చెప్పిన మందు ఇంకొకరి మోకాలికి పనికిరాకపోవచ్చు, కిడ్నీలకు చేటు కూడా చేయొచ్చు. అందుకే మంచి డాక్టరు గాలిలో మాత్ర పేరు, మోతాదు చెప్పరు. ఏ పరీక్ష చేయించుకోవాలి, ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఎంత తొందరగా వెళ్లాలి అన్నవి చెబుతారు. 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం, సిద్ధార్థ వైద్య కళాశాల ఉన్న విజయవాడలో పిలవడానికి డాక్టర్లకు లోటు లేదు.

ఆరోగ్యంలోనూ అందరికీ ఒకే జవాబు సరిపోయే సందర్భాలున్నాయి. పాముకాటు అలాంటిది. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒకదాని వెంట ఒకటి జరిగి జనం హడలిపోయారు. కాటు పడినచోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, బిగించి కట్టకూడదు. కాలూ చెయ్యీ కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది కాబట్టి పామును వెతికి చంపి తెచ్చే పనిలో సమయం పోగొట్టుకోకూడదు. ఇది డాక్టరు ఒకసారి చెప్పి వదిలేయాల్సింది కాదు. ఏటా ఊడ్పుల ముందు మళ్లీ మళ్లీ చెప్పాలి.

ఈ రూపాన్ని పాలకులూ వాడుకున్నారు. 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ‘డయల్ యువర్ సీఎం’ పేరుతో ఫోన్‌లో ప్రజల మాట వినేవారు. తిరుమల తిరుపతి దేవస్థానం ‘డయల్ యువర్ ఈవో’ నడుపుతోంది. అక్కడ వచ్చేవి చాలావరకు ఫిర్యాదులు, కోరికలు. అడిగేది తెలుసుకోవడానికైతే కార్యక్రమం ఒక రకం, పని చేయించుకోవడానికైతే ఇంకో రకం.

ప్రపంచంలో దీనికి పెద్ద పెద్ద తోబుట్టువులున్నాయి. బీబీసీలో తోట పెంపకం మీద శ్రోతల సందేహాలు తీర్చే ‘గార్డెనర్స్ క్వశ్చన్ టైమ్’ 1947 ఏప్రిల్‌లో, విజయవాడ కేంద్రం కంటే ఏడాదిన్నరకు పైగా ముందు మొదలై ఇంకా నడుస్తోంది. నిపుణులు ఊరూరా తిరిగి, అక్కడి జనం ఎదుటే జవాబులు చెబుతారు. అమెరికాలో బోస్టన్ నుంచి 1977లో మొదలైన ‘కార్ టాక్’లో ఇద్దరు అన్నదమ్ములు, చదువుకున్న మెకానిక్కులు, ఫోన్‌లో కారు చేసే చప్పుడును శ్రోత చేతే అనుకరింపజేసి లోపం పట్టేవారు. కారు లేనివాళ్లు కూడా దాన్ని వినేవారు. తెలిసినవారు ఆలోచించే తీరును వినడంలోనే ఒక ఆనందం ఉంది. డెల్టా రైతుకు ఆ ఆనందంతో పాటు అవసరమూ ఉంది.

2004 ఈ చరిత్రలో మలుపు. ఆ ఏడాది జనవరి 21న కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లు మొదలుపెట్టింది. 1800-180-1551కు ఫోన్ చేస్తే రైతుకు తన భాషలోనే జవాబు దొరుకుతుంది. ఫిబ్రవరిలో ఆకాశవాణి 96 ఎఫ్‌ఎం కేంద్రాల నుంచి ‘కిసాన్ వాణి’ మొదలైంది. 2020 మే 30న రాష్ట్రంలో రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమైనప్పుడు గన్నవరంలో 155251 నంబరుతో సమీకృత కాల్ సెంటర్ వచ్చింది. ఆ కేంద్రాలను 2024లో రైతు సేవా కేంద్రాలుగా మార్చారు. కాల్ సెంటర్‌కు రేడియో కార్యక్రమంలా ఫలానా రోజు, ఫలానా కాసేపు అన్న పరిమితి లేదు, రైతుకు కావలసినప్పుడు పలుకుతుంది. ఇది నిజమైన మేలు. అయితే అక్కడ ఇచ్చే జవాబు ఒక చెవిలోనే ఆగిపోతుంది. తన ప్రశ్న చిన్నదని మొహమాటపడే కౌలు రైతు, ఫోన్ ఇంటాయన జేబులోనే ఉండే ఆడమనిషి ఆ నంబరుకు ఫోన్ చేయకపోవచ్చు. రేడియోలో ఎవరో అడిగితే తమ జవాబు తాము వినేస్తారు. నారు పీకడం, నాటడం, కలుపు తీయడం ఆడవాళ్ల చేతుల మీద జరిగే చోట ఈ తేడా చిన్నదేమీ కాదు.

తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలుపెట్టిన సంఘం రేడియో ఇంకో దారి చూపింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు నడిపే ఆ కేంద్రంలో నిపుణులు ఊళ్లోనే ఉంటారు. విత్తనం దాచే విద్య తెలిసిన పెద్దావిడే జవాబు చెబుతారు. డెల్టా వరికి మారుటేరు, బాపట్ల శాస్త్రం కావాలి. అలాగే ఉప్పునీరు పొంగే కృత్తివెన్ను, నాగాయలంక భూముల్లో తరాలుగా సాగు చేసినవారి అనుభవమూ స్టూడియోకి రావాలి. ఫోన్-ఇన్‌లో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టడానికి అడ్డేమీ లేదు.

ఇప్పుడు ఆకాశవాణి కేంద్రాలను ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో ఎక్కడి నుంచైనా వినవచ్చు. రైతు తెగులు పట్టిన ఆకును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపగలుగుతున్నారు కాబట్టి చూడకుండా చెప్పాల్సి రావడమన్న పాత ఇబ్బంది కూడా తగ్గుతోంది. కేంద్రం చేయగల పని ఇంకొకటుంది. ప్రతి సీజన్లో వచ్చిన ప్రశ్నలను తేదీ, మండలం, వరి రకం వారీగా రాసిపెట్టి వ్యవసాయ శాఖకు, పరిశోధన స్థానాలకు అందించాలి. సుడిదోమ గురించి ఏటా మొదటి ఫోన్ ఏ మండలం నుంచి వస్తుందో, ఎన్ని రోజుల్లో చివరి భూములకు చేరుతుందో ఆ జాబితా చెబుతుంది. బందరు కాలవ, ఏలూరు కాలవ కింద ఏ వారం ఎవరిని హెచ్చరించాలో తేల్చడానికి అది చాలు.